తెల్లకొంగకు కెమెరా లెక్క

మొగల్తూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: “రొయ్యల చెరువులో నీళ్ల ముందు తెల్లకొంగను తీస్తే ఈక అన్నది కనపడకుండా ఒట్టి తెలుపు వస్తోంది. అదే కొంగ ఆకాశంలో ఎగిరితే బూడిద రంగుకు తిరుగుతోంది. కెమెరా పాడైందా?”

కెమెరా నిక్షేపంగా ఉంది. ఎపర్చరు, షట్టరు వేగం, ఐఎస్ఓ అంటే ఏమిటో కెమెరాతో వచ్చే పుస్తకమే చెబుతుంది, అవి వదిలేద్దాం. చిక్కు వెలుగు కొలిచే మీటరులో ఉంది. దానికి తెలిసింది వెనక్కి వచ్చే వెలుగొక్కటే. ఎదురుగా ఉన్నది కొంగో నీటికాకో దానికి తెలియదు. చూసినదంతా సగటున మధ్యరకం బూడిద రంగని నమ్మి లెక్క కడుతుంది. నల్లటి నీళ్లు ఎక్కువ కనిపిస్తే వెలుగు పెంచుతుంది, కొంగ తెల్లబోతుంది. ఆకాశం ఎక్కువైతే తగ్గిస్తుంది, కొంగ మాసిపోతుంది. స్పాట్ మీటరును సరిగ్గా కొంగ మీదే పెట్టినా దాన్నీ బూడిద చేయాలనే చూస్తుంది. కొంగ మీద పడే ఎండ మాత్రం రెండుచోట్లా ఒకటే.

అసలు రుచి ఇక్కడి నుంచి. సెన్సారులోని ఒక్కో పిక్సెల్ ధాన్యం కొలిచే కుంచం లాంటిది. నిండాక పైన పోగును చేత్తో రాసేస్తాం. రాలింది గుప్పెడో బస్తానో కుంచం చూసి చెప్పలేం. తెల్ల ఈకల్లో రంగు పదార్థం లేదు. కెరటిన్, దాని మధ్య గాలి గదులు కలిసి అన్ని రంగుల కాంతినీ వెదజల్లుతాయి. కొంగ రెక్క మీది పిక్సెళ్లు అందుకే ముందుగా నిండుతాయి. పక్కపక్క ఈకలు రెండూ నిండిపోతే వాటి మధ్య తేడా ఫైల్లోనే ఉండదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు.

అలాగని చీకటిగా తీస్తే మరో తంటా. కాంతి కణాలు సమానంగా రావు, చినుకుల్లా ఎడాపెడా పడతాయి. సగటున 10,000 రావలసిన చోట అటూ ఇటూ 100 తేడా ఉంటుంది, అంటే 1 శాతం. 100 రావలసిన చోట తేడా 10, అంటే 10 శాతం. ఫొటోలో నీడల్లో కనిపించే గరుకుతనంలో పెద్ద వాటా దీనిదే. కాబట్టి పొంగకుండా ఎంత నింపగలిగితే అంత మేలు.

ఈ సలహాకు 2003లో ఫొటోగ్రాఫర్ మైకేల్ రైక్‌మన్ పేరు తెచ్చారు. సలహా మంచిదే, కారణమే తప్పు. 12 బిట్ల ఫైల్లో 4,096 మెట్లుంటే అత్యంత వెలుగున్న స్టాపుకే (స్టాపంటే వెలుగు రెట్టింపయ్యే అంచె) 2,048 దక్కుతాయి, దానికింద 1,024, ఇలా సగం సగం తగ్గుతాయి, అందుకే వెలుగు పంపకం చూపే హిస్టోగ్రామ్‌ను కుడివైపుకు నింపండి అన్నారు. లోకమంతా తలూపింది. చికాగో విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త ఎమిల్ మార్టినెక్ ఆ కారణం నిలవదని లెక్క వేసి చూపారు. ఉదాహరణకు ఒక పిక్సెల్‌కు కాంతి వల్ల పుట్టే ఎలక్ట్రాన్లు 60,000 పడితే మెట్టుకు 15 వస్తాయి. నిండు పిక్సెల్‌లో కాంతి ఊగిసలాటే సుమారు 245. అంటే పదహారు మెట్లు ఆ అలజడిలోనే మునిగిపోతాయి. లాభం మెట్లది కాదు, ఎక్కువ కాంతిని పోగేయడానిది. దీన్నిబట్టి ఇంకోటి తేలుతుంది: ఉత్త ఐఎస్ఓ పెంచితే ఒక్క కాంతి కణమూ అదనంగా రాదు.

ఇక వాడకం. మాన్యువల్ పెట్టండి. మంచి ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్/8 అయితే మామూలు వస్తువుకు సెకనులో 1,600వ వంతు చాలు. తెల్లకొంగకు 2,500 నుంచి 3,200వ వంతుకు వెళ్లండి. ఎండ మారనంత సేపూ వెనక నీళ్లున్నా వరిచేలున్నా ఆకాశమున్నా అంకెలు ముట్టుకోకండి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో కనిపించే గూడబాతులు బూడిద కలిసిన తెలుపు కాబట్టి వాటికి ఇంత తగ్గించనక్కర్లేదు. తెర మీది హిస్టోగ్రామ్ జేపెగ్ నుంచి వస్తుంది, కాబట్టి రా ఫైల్లో ఇంకాస్త చోటుంటుంది. సాయంత్రపు ఎండలో మాత్రం ఎరుపు చానల్ ముందు పొంగుతుంది, దాన్ని విడిగా చూడండి.

కాంట్రాస్ట్ సంగతా? ఈకల గీతలు కనపడేది వాటి సన్నటి నీడల వల్ల. పొద్దున ఏటవాలు ఎండలో ఆ నీడలుంటాయి. మిట్టమధ్యాహ్నం రెక్క పైన మండుతూ పొట్ట కింద చీకటిగా ఉంటుంది. జనం ఆ వేళ తీసుకొచ్చి, కంప్యూటర్లో కాంట్రాస్ట్ మీట చివరిదాకా లాగి, మిగిలిన నాలుగు ఈకలనూ చెరిపేసి, తప్పు లెన్సుదని ఇంకో లక్ష పోసి కొత్తది కొంటారు. ఆ లక్ష మిగలాలంటే అలారం ఐదింటికి పెట్టుకుంటే సరిపోతుంది.