ఆటకు తోడెవరు?

మా పాలకోడులో ఈ మధ్య పిల్లలు బడి నుండి రావడం, సంచి మూలకు విసరడం, అమ్మ ఫోను అందుకోవడం ఒక్క ఊపున జరిగిపోతున్నాయి. పెద్దలమంతా ఫోనును తిడుతున్నాము. నా లెక్క ప్రకారం ముందు పోయింది ఆటకు తోడు. ఫోను తరువాత వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

ఏడుపెంకులాటకు కనీసం ఆరుగురు కావాలి కదా! ఒకడు ట్యూషనుకు పోయాడు, ఇంకొకడు హిందీ క్లాసుకు. ఒక అమ్మాయిని 'పెద్దదయింది' అని ఇంట్లో కూర్చోబెట్టారు. మిగిలిన ఇద్దరు ముగ్గురు ఏమి చేస్తారు? 2014లో మొదలైన ప్రో కబడ్డీని ఫోనులో చూస్తూ, తెలుగు టైటాన్స్ గొప్పా, తమిళ్ తలైవాస్ గొప్పా అని వాదించుకొంటారు. కూత పెట్టి ఊపిరి బిగబట్టడం మాత్రం వాళ్ళకు తెలియదు.

కళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల ఒకటో తరగతి పిల్లలపై ఒక పరిశోధన జరిగింది. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సగం బడుల్లో పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్ళలో మామూలు బడుల పిల్లల్లో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, ఆరుబయట గడిపిన వారిలో 30.4 శాతం మందికే వచ్చింది. ఆరుబయటి వెలుతురు కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని పరిశోధకుల అభిప్రాయం. ఇక ఒంటి మాటకు వస్తే, 5 నుండి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

మనబోటి వారికి మరొక నష్టం ఉన్నది. తమిళనాడులో 2006లో చేసిన చట్టం ఒకటో తరగతి మొదలుకొని ఏటా ఒక్కొక్క తరగతికి తమిళాన్ని తప్పనిసరి చేస్తూ వచ్చింది. ఉన్న ఊరి భాష రావలసిందే, అందులో నాకు తగవు లేదు. అయితే బడిలో తమిళం, ఇంగ్లీషు పోగా తెలుగు 'అన్నం తిను, స్నానం చెయ్యి, పడుకో' వరకే మిగులుతున్నది. అరవడానికి, అలగడానికి, బతిమాలుకోవడానికి తెలుగు కావాలంటే వీధి కావాలి. ఈ సరిహద్దు ఊళ్ళలో మన బిళ్ళంగోడు తమిళులకు కిట్టిపుళ్ళు, కన్నడిగులకు చిన్నిదాండు. మన చెడుగుడు వాళ్ళ సడుగుడు. ఆటలో భాషలు కలిసేవే కాని, ఒకటి మరొకదాన్ని మింగేది కాదు.

అందుకే మా వీధిలో నలుగురు పెద్దవాళ్ళం సాయంత్రం ఐదున్నర నుండి ఆరున్నర వరకు బయట నిలబడుతున్నాము. పెట్టుబడి ఒక రబ్బరు బంతి, ఒక తాడు, కాసిని పెంకులు. ఫోను లాక్కోలేదు; లాక్కొంటే ఆట శిక్ష అయిపోతుంది. ట్యూషను పంతులుగారిని అడిగి వేళను ఏడింటికి మార్పించడమే అన్నిటికంటె కష్టమైన పని! మొదటివారం వచ్చింది ఇద్దరే. బంతి విసరడానికి నేనే దిగాను. రెండు రోజులు భుజం నొప్పి. ఇప్పుడు తొమ్మిది మంది వస్తున్నారు. రాత్రి మళ్ళీ ఫోను పట్టుకొంటున్నారు, అబద్ధమెందుకు! కాని నిద్ర తొందరగా వస్తున్నదని తల్లులు అంటున్నారు.

పక్కింటి తమిళ పిల్లవాడు ఇప్పుడు "తాతా, తొండి!" అని నాతో ఫిర్యాదు చేస్తాడు. మా మనుమడు "కళ్ళాట్టం!" అని ఎదురు అరుస్తాడు.

ఇక పన్నెండు దాటిన ఆడపిల్లల సంగతి మిగిలింది. చీకటి పడుతుందని తల్లులు పంపడం లేదు. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి వాళ్ళకోసం తాడాట, తొక్కుడుబిళ్ళ పెట్టుకొన్నాము. తల్లులను కూడా రమ్మన్నాము.