చెరువు మారిస్తే నీళ్లు వస్తాయా?

పిత్రార్జితంగా కొందరికి పొలాలు వస్తాయి, కొందరికి అప్పులు వస్తాయి. నాకు మా నాయన 1978లో కొన్న బుల్లెట్టు మోటారుసైకిలు వచ్చింది. అది ఆస్తో అప్పో మా ఇంట్లో ఇంకా తేలలేదు. ‘అమ్మేయండి’ అని మా ఆవిడ, ‘వుండనీ’ అని నేను. వ్యాజ్యం ఇలా నడుస్తుండగా, పోయిన యేడు ఒక రాత్రి తీర్పు ఆవిడ పక్షానే వచ్చేట్టు కనిపించింది.

బద్వేలులో ఒక పెండ్లికి పోయి, మా అమ్మాయిని వెనుక కూర్చోబెట్టుకొని కడపకు తిరిగివస్తున్నాను. అడవిదారి. మొదట హారను గొంతు బొంగురుపోయింది. తర్వాత ముందుదీపం పసుపుపచ్చగా, ఆ పైన ఎర్రగా మారింది. ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనుకనుంచి లారీ వస్తున్న చప్పుడు. మాకా, ముందుగాని వెనుకగాని ఒక్క దీపం లేదు. నేనూ అమ్మాయీ కలిసి బండిని రోడ్డు దింపామో లేదో, లారీ మమ్మల్ని ఒరుసుకున్నట్టే పోయింది.

కాసేపటికి అమ్మాయి నోరు పెగుల్చుకొని, “బ్యాటరీ కొత్తదే గదా నాన్నా?” అంది.

కొత్తదే. యేడాదిలో అది మూడోది. దీపాలు మందగించినప్పుడల్లా నేను అంగడికి పోవడం, ‘బ్యాటరీ పోయింది సార్’ అని వాళ్లనడం, నేను డబ్బు కట్టి రావడం. ఎందుకు పోయిందని వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మరునాడు వూళ్లో ఒక పాత కరెంటు మేస్త్రీ దగ్గరకు బండిని తోసుకుపోయాను. ఆయన నా కథంతా విని, “చెరువుకు నీళ్లు రాకుంటే చెరువును మారుస్తారా సార్? కాలువ యాడ పూడిందో చూసుకోవల్ల గానీ!” అన్నాడు.

ఆ మాటతో నాకు పోరుమామిళ్ల చెరువు గుర్తుకు వచ్చింది. మన జిల్లాలోని ఆ చెరువును విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. దాని శాసనం 1369వ సంవత్సరానిది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేశారని అందులో వుంది. అంతేకాదు, మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలూ, వుండకూడని ఆరు దోషాలూ లెక్కపెట్టి చెప్పారు. కట్టనుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో వుండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం – ఇవీ ఆ ఆరు.

మేస్త్రీకి ఇదంతా చెబితే, “బండికీ అవే సార్!” అని నవ్వాడు. ఎలాగో చూడండి.

ఇంజనుతో పాటు ఒక అయస్కాంతం తీగచుట్టల నడుమ తిరుగుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ప్రకారం ఆ చుట్టల్లో విద్యుత్తు పుడుతుంది. ఇది ఆల్టర్నేటరు, మన యేరు. ఈ ప్రవాహం అటూ ఇటూ మారుతుంటుంది. దాన్ని ఒకే దిక్కుకు పారించేది రెక్టిఫయరు, అది తూము. మితిమీరి రాకుండా కాచేది రెగ్యులేటరు; అది మరవ. బ్యాటరీ చెరువు. దీపాలు, హారను, ఇంజనులో పెట్రోలును మండించే నిప్పురవ్వ ఆయకట్టు. నా బండి మొదట 6 వోల్టులది. తర్వాత 12కు మార్పించాం. దీపాలన్నీ బ్యాటరీ మీదే.

మేస్త్రీ మొదట నీటిమట్టం చూశాడు. ఇంజను ఆపి వుండగా నిండు బ్యాటరీ మీటరులో సుమారు 12.6 వోల్టులు చూపాలి. నాది 11.8. దాన్ని చార్జరు మీద నింపి, ఇంజను తీసి వేగం పెంచాడు. అప్పుడు 14 దాకా ఎక్కాలి. ఎక్కకుంటే నీళ్లు రావడం లేదన్నమాట. 15 దాటితే మరవ చెడిందన్నమాట. బ్యాటరీలో నీరు ఉడికిపోతుంది. నాది ఎక్కకపోగా మెల్లగా దిగింది.

కాబట్టి నీరు ఎక్కువ కాలేదు. తాళం తీసి, బ్యాటరీ తీగ విప్పి, నడుమ మీటరు పెడితే కారుడు కూడా లేదు. బ్యాటరీ కొనలమీద చవుడులాంటి తెల్లటి పొక్కు లేదు. అదనపు దీపాలు తగిలించలేదు గనుక ఆయకట్టూ పెరగలేదు. సరిహద్దు దోషం మాత్రం అదివరకే అనుభవించాను: ఇంజను మేస్త్రీ కరెంటు వాడిమీద, కరెంటు వాడు ఇంజను మేస్త్రీమీద చెప్పడమే!

ఇక మిగిలింది నడుమ మిట్ట. ఆల్టర్నేటరు తీగలు రెంటినీ విప్పి, వాటికి ముందుదీపపు బల్బు తగిలించి ఇంజనును మెల్లగా నడిపాడు. బల్బు తెల్లగా వెలిగింది. యేరు పారుతోంది! తీగలను మళ్లీ జోడించి, అదే బల్బును జోడుకు అవతల తగిలిస్తే మినుకుమంది. జోడు తొడుగు వూడదీస్తే లోపలి ఇత్తడి మాడి బొగ్గయింది.

“ఇదీ సార్ మీ మిట్ట. బ్యాటరీలు మూడూ దీని పాపం మోసినాయి.”

కొత్త జోడు వేశాక వోల్టులు 14కు ఎక్కాయి. మేస్త్రీ రెండు మాటలు హెచ్చరించాడు. ఇంజను నడుస్తుండగా పరీక్షకని బ్యాటరీ తీగ లాగకూడదు, రెగ్యులేటరు కాలుతుంది. మూతలుండే బ్యాటరీలో నీరు తగ్గితే డిస్టిల్డువాటరే పోయాలి. మన బోరునీళ్లలోని లవణాలు దాన్ని చంపుతాయి. కడప యెండల్లో తరచుగా చూసుకోవాలి.

ఒక్కటి మాత్రం నేను మేస్త్రీకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. బుల్లెట్టు తలమీద ఆమ్మీటరని ఒకటుంటుంది. దారిలో దాని ముల్లు ఎడమకే వాలివుంటే, బ్యాటరీలోకి వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువని అర్థం. నెలరోజులుగా అది ఎడమకే వాలివుంది. పిల్లలకు చదవడం నేర్పే నేను, కండ్లెదుట వున్న ఆ ముల్లును చదవలేదు. ఆ రాత్రి లారీ ఇంకొక మూర ఇవతలికి వచ్చివుంటే? ఆ ఆలోచన ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడేట్టు చేస్తుంది.

పోరుమామిళ్ల చెరువు నేటికీ వుంది. మా ఇంటి వ్యాజ్యమూ వుంది గాని, వాయిదా పడింది. బండి వేగం అందుకోగానే మా అమ్మాయి నా భుజంమీదుగా తొంగిచూస్తుంది.

“ముల్లు కుడికి వచ్చింది నాన్నా. పోదాం పద!” అంటుంది.