ప్రభుత్వ పాలనాశాస్త్రము - ఎం.ఏ. చదువు

ప్రభుత్వ పాలనాశాస్త్రములో ఎం.ఏ. చదువుచున్నానని యువకుడెవరైనను చెప్పినప్పుడు, “కలెక్టరు పరీక్షకా?” అని ఇంటిపెద్దలు ప్రశ్నించుట పరిపాటి. ఈ ప్రశ్న నిరాధారమైనది కాదు. సివిల్ సర్వీసుల పరీక్షలో ఇది ఐచ్ఛిక విషయములలో ఒకటి. అయినను ఆ పరీక్షయే దీనికి పరమావధి యని తలచినచో ఈ చదువు సారము మనకు అందదు.

పాలనను గూర్చిన ఆలోచన మనకు క్రొత్తది కాదు. ఉద్యోగులు రాజధనమును అపహరించు మార్గములను కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో నలుబది విధములుగా లెక్కించెను. అయితే ఇది ప్రత్యేక శాస్త్రముగా రూపొందినది అమెరికాలో. 1887లో ఉడ్రో విల్సన్ ప్రకటించిన వ్యాసమును దీనికి నాందిగా భావింతురు. మన దేశములో నాగపూరు విశ్వవిద్యాలయము 1949లో దీనికొక శాఖను నెలకొల్పినది. 1954లో ఢిల్లీలో భారత ప్రభుత్వ పాలనా సంస్థ వెలసినది.

ఇక విద్యార్థి నేర్చునదేమి? ఒక వృద్ధురాలు పింఛనుకై దరఖాస్తు పెట్టుకొన్నదనుకొందము. ఆమెకు అర్హత కలదు. వయస్సును రుజువు చేయు కాగితము లేదు. దరఖాస్తు ఆరు నెలలుగా కట్టలోనే యున్నది. గుమాస్తా సోమరితనమని తేల్చివేయుట సులభము. శాస్త్రము అచ్చట ఆగదు.

వ్రాతపూర్వకమైన నిబంధనలు, అధికార శ్రేణి, దస్త్రములు పక్షపాతమును అరికట్టుననెను జర్మను పండితుడు మాక్స్ వెబర్. కాని నిబంధనయే గమ్యమైనప్పుడు, అది ఎవరికై పుట్టినదో వారే మరుగున పడుదురు. అధికారికి కాలము, సమాచారము రెండును పరిమితములేననియు, అతడు ఉత్తమ నిర్ణయమును గాక పని గడుపు నిర్ణయమును ఎన్నుకొనుననియు హెర్బర్ట్ సైమన్ 1947లో వివరించెను. పైకి ఆధునికముగా కనుపించు కార్యాలయములో లోలోపల బంధుత్వము, సిఫారసు పని చేయుచుండుటను ఫ్రెడ్ రిగ్స్ విశ్లేషించెను.

కారణమును బట్టి చికిత్స మారును. నిబంధన దోషమైనచో దానిని సవరింపవలెను. పనిభారమైనచో అధికారమును పంచవలెను. సిఫారసైనచో దస్త్రమును వెలుగులోనికి తేవలెను. 1959లో ఆంధ్రప్రదేశములో ఆరంభమైన పంచాయతీరాజ్యము అధికారమును క్రిందికి పంచు ప్రయత్నము. ముప్పది దినములలో సమాధానమీయవలెనని సాధారణముగా గడువు విధించిన 2005 నాటి సమాచార హక్కు చట్టము వెలుగునకు మార్గము. ఇట్టి వివేచన నేర్పుటయే ఈ రెండేండ్ల చదువు ప్రయోజనము.

ఉద్యోగము మానకుండ చదువగోరువారికి దూరవిద్య కలదు; 1982లో స్థాపితమై నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్న హైదరాబాదు సార్వత్రిక విశ్వవిద్యాలయము అట్టిది. అయితే పట్టా మాత్రమే ఉద్యోగమును తెచ్చిపెట్టదు. పోటీ పరీక్షలకు వేరుగా శ్రమింపవలసినదే. సిద్ధాంతకర్తల పేరులను వల్లించి ఉత్తీర్ణులగువారును లేకపోలేదు. కావున మీ ఇంట ఈ చదువునకు పూనుకొన్నవారున్నచో, గ్రంథములతోపాటు తమ ఊరి పంచాయతీ బడ్జెటును చదువుమనియు, ఒక పూట కార్యాలయపు వరుసలో నిలిచి పని ఎచ్చట ఆగుచున్నదో గమనింపుమనియు చెప్పుడని మా మనవి.