ఆలోచన బయటపెడితేనే తోడు

దాచుకుంటే మురిగిపోతుంది, అజాగ్రత్తగా చెబితే చేజారుతుంది: ఖరగ్‌పూర్ నుంచి హైదరాబాద్ వరకు అనుభవాలు చెబుతున్నదేమిటి?

ఝపటాపూర్ (ఖరగ్‌పూర్): సొంతంగా వ్యాపారం ప్రారంభించదలచిన యువతకు మొట్టమొదట కావలసింది పెట్టుబడి అని సాధారణంగా భావిస్తుంటారు. కానీ పెట్టుబడి కంటే ముందు కావలసింది తోడు. యంత్రం తయారుచేయగలవారికి మార్కెట్ తెలియదు. మార్కెట్ తెలిసినవారికి యంత్రం చేతకాదు. రెండూ వచ్చినవారికి లెక్కలు చూసే తీరిక ఉండదు. ఈ లోటును పూరించే భాగస్వామి దొరకాలంటే మనసులోని ఆలోచనను ఎవరో ఒకరికి చెప్పక తప్పదు. అయితే, చెబితే ఎగరేసుకుపోతారేమోనన్న భయం అనేకమంది నోరు కట్టేస్తున్నది. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. కానీ మౌనానికి చెల్లించవలసిన మూల్యం అంతకంటే ఎక్కువని పలువురి అనుభవాలు స్పష్టం చేస్తున్నాయి.

ఒకే పట్టణం, రెండు లోకాలు

ఈ విషయాన్ని పరిశీలించడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ కంటే అనువైన పట్టణం అరుదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ వెలిశాయి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో వచ్చి రైల్వే ఉద్యోగాలలో కుదురుకున్నారు. తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన ఈ కుటుంబాల కారణంగానే రాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చేందుకు నిర్ణయించింది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరొందిన 1,072 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫారం ఈ పట్టణానిదే.

ఇదే పట్టణంలో, స్వాతంత్ర్యోద్యమ కాలపు హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో, 1951లో దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. ఆ సంస్థ విద్యార్థులు 2006లో ఔత్సాహిక పారిశ్రామికుల కోసం ‘ఇ-సెల్’ను ఏర్పాటు చేసుకున్నారు. వ్యాపార ప్రణాళికల పోటీలు, ఏటా జరిగే అంతర్జాతీయ సదస్సు ద్వారా ఆలోచన ఉన్నవారినీ, అనుభవం ఉన్నవారినీ, పెట్టుబడి పెట్టగలవారినీ ఒకచోట చేర్చడం దాని పని. కొత్త సంస్థలకు చోటు కల్పించే సైన్స్ అండ్ టెక్నాలజీ ఎంటర్‌ప్రెన్యూర్స్ పార్కు కూడా అదే ప్రాంగణంలో ఉంది.

ఒకవైపు లోహాన్ని మలిచే చేతులు, మరొకవైపు నమూనాలు గీసే బుర్రలు. ఇద్దరూ ఒకరి ఆలోచన ఒకరికి చెప్పుకోగలిగితే ఎంతో సాధించవచ్చు. ఝపటాపూర్ వంటి పేటలలో చదువుకుంటున్న యువకులు విద్యాసంస్థ గేటు లోపలి పోటీలను తమవి కావనుకోవడం, లోపలివారు వర్క్‌షాపు పనివారి అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల నష్టపోయేది ఇరువురూ.

ఉద్యోగుల బృందం నుంచి కంపెనీ వరకు

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పూర్వ విద్యార్థి అర్జున్ మల్హోత్రా ఢిల్లీలోని డి.సి.ఎం. సంస్థలో పనిచేస్తున్నప్పుడు శివ్ నాడార్, అజయ్ చౌధరి తదితరులు ఆయన సహోద్యోగులు. అక్కడి పరిచయాలే పెట్టుబడిగా వీరు ఉద్యోగాలు వదిలి మొదట కాలిక్యులేటర్ల అమ్మకంతో నిలదొక్కుకుని, 1976లో హెచ్.సి.ఎల్. సంస్థను ప్రారంభించారు. ఒక్కరి వద్ద ఉన్నది ఆలోచన మాత్రమే. పలువురు కలిసినప్పుడే అది కంపెనీ అయింది.

అదే విద్యాసంస్థలో చదివిన సుహాస్ పాటిల్ అమెరికాలో సిరస్ లాజిక్ అనే చిప్‌ల కంపెనీని స్థాపించారు. 1992లో కాలిఫోర్నియాలో మొదలైన ‘ది ఇండస్ ఎంటర్‌ప్రెన్యూర్స్’ (టై) వ్యవస్థాపకులలో ఆయన ముఖ్యులు. వ్యాపారంలో నిలదొక్కుకున్నవారు కొత్తవారి ఆలోచనలు విని, సలహాలిచ్చి, పరిచయాలు కల్పించడం ఈ సంఘం ఉద్దేశం. ఈ చిన్న ఏర్పాటు ఫలితం కొన్నేళ్ల తర్వాత ముగ్గురు తెలుగు యువకుల కథలో కనిపించింది.

రెడ్‌బస్ నేర్పిన పాఠం

తెలంగాణకు చెందిన ఫణీంద్ర సామ 2005లో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. దీపావళికి ఇంటికి వెళ్లేందుకు బస్సు టిక్కెట్టు కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగినా దొరకలేదు. ఎక్కడో ఒక బస్సులో సీటు ఖాళీగానే ఉండి ఉంటుంది, కానీ ఆ సంగతి తెలిసే మార్గం లేదు. ఈ అనుభవాన్ని ఆయన బిట్స్ పిలానీలో తనతో చదివిన మిత్రులతో పంచుకున్నారు. చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి ఆయనతో చేతులు కలిపారు. ఉద్యోగాలు చేస్తూనే తీరిక వేళల్లో సాఫ్ట్‌వేర్ తయారుచేయడం ఆరంభించారు.

వారు ఆలోచనను పెట్టెలో పెట్టి తాళం వేయలేదన్నది గమనార్హం. బస్సు యజమానులను, ఏజెంట్లను కలిసి వ్యాపారం నడిచే తీరు అడిగి తెలుసుకున్నారు. తమ ప్రణాళికను బెంగళూరులోని ‘టై’ శాఖకు సమర్పించారు. అక్కడి అనుభవజ్ఞులు మార్గదర్శకులుగా లభించారు. సాఫ్ట్‌వేర్‌ను బస్సు యజమానులకు అందజేయాలన్న తొలి ఆలోచన కాస్తా, తామే టిక్కెట్లు విక్రయించే వ్యాపారంగా మారింది. 2006లో రెడ్‌బస్ ప్రారంభమైంది. 2013లో దానిని ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది. ఫణీంద్ర సామ ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి నవకల్పనల ప్రధానాధికారిగా పనిచేశారు.

ఇందులో దాచదగిన రహస్యం ఏముంది? టిక్కెట్లు దొరకడం లేదన్న సంగతి పండుగకు ఊరికి వెళ్లే ప్రతి ఒక్కరికీ తెలిసినదే. తేడా అంతా ఆ సమస్యను పట్టుకుని వదలకుండా పనిచేయడంలోనే ఉంది.

ఏడేళ్ల ఒంటరి శ్రమ

ఒంటరిగా పనిచేయడంలోని కష్టమెంతో చింతకింది మల్లేశం కథ చెబుతుంది. పోచంపల్లి తరహా చీరల నేతకు ముందు ‘ఆసు’ పోయడం అనే ప్రక్రియ ఉంటుంది. దానికోసం ఆలేరు సమీపంలోని శారాజీపేటలో తల్లి లక్ష్మి రోజుకు వేల సార్లు చేతిని అటూ ఇటూ తిప్పుతూ భుజం నొప్పితో బాధపడటం ఆయన చూశారు. 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. చుట్టుపక్కల వారి హేళనలు, అప్పులు, వైఫల్యాల మధ్య పని మధ్యలోనే నిలిచిపోయింది. జీవనం కోసం హైదరాబాద్ వచ్చి పనిచేస్తున్నప్పుడు, బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో కనిపించిన యంత్రం కదలిక ఆయన చిక్కుముడిని విప్పింది. 1999లో ‘లక్ష్మీ ఆసు యంత్రం’ పూర్తయింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది.

ఏళ్లపాటు పల్లెలో వెతికిన జవాబు పట్నంలో మరొకరి షెడ్డులో ఉంది. ఆ షెడ్డులోని మెకానిక్ ముందే పరిచయమై ఉంటే ఎన్ని సంవత్సరాలు మిగిలేవో! ఆచార్య అనిల్ గుప్తా నడిపిన ‘హనీ బీ నెట్‌వర్క్’ ఉద్దేశం సరిగ్గా ఈ లోటును తీర్చడమే. దానితో కలిసి పనిచేసే ‘పల్లె సృజన’ కార్యకర్తలు తెలుగు గ్రామాలలో కాలినడకన తిరుగుతూ ఇటువంటి ఆవిష్కర్తలను వెలుగులోకి తెస్తున్నారు. వారి నియమం ఒక్కటే: ఆలోచన ఎవరిదో వారి పేరుతోనే దానిని పదిమందికి చెప్పాలి. పువ్వుకు నష్టం కలగకుండా తేనెటీగ మకరందం సేకరించినట్లన్న మాట.

విదేశాలలోనూ ఇదే తీరు. 1975 మార్చిలో కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీలో కంప్యూటర్ అభిమానుల క్లబ్బు మొదటి సమావేశం జరిగింది. హ్యూలెట్ ప్యాకార్డ్ ఉద్యోగి అయిన స్టీవ్ వోజ్నియాక్ తీరిక వేళల్లో రూపొందించిన కంప్యూటర్ నమూనా కాగితాలను ఆ క్లబ్బు సభ్యులకు ఉచితంగా పంచారు. దానిని అమ్మవచ్చునన్న ఆలోచన మిత్రుడు స్టీవ్ జాబ్స్‌ది. యజమానికి చెప్పకుండా వోజ్నియాక్ ముందుకు వెళ్లలేదు; నమూనాను మొదట తన కంపెనీకే చూపారు, వారు వద్దన్నారు. 1976 ఏప్రిల్ 1న ఆపిల్ పుట్టింది.

చట్టం దేనిని కాపాడుతుంది?

అయితే నమ్మి చెప్పినవారందరికీ మేలే జరుగుతుందని చెప్పలేము. 2003లో హార్వర్డ్ విద్యార్థులు ముగ్గురు తమ వెబ్‌సైట్‌ను పూర్తిచేసే పనిని సహవిద్యార్థి మార్క్ జుకర్‌బర్గ్‌కు అప్పగించారు. 2004లో ఆయన ఫేస్‌బుక్ ప్రారంభించారు. తమ ఆలోచనను తస్కరించారంటూ ఆ ముగ్గురూ కోర్టుకెక్కారు. 2008లో నగదు, వాటాల రూపంలో సుమారు 6.5 కోట్ల డాలర్లతో వివాదం రాజీ అయింది. అంత పెద్ద న్యాయపోరాటం సామాన్యులకు సాధ్యమయ్యేది కాదు.

మన దేశంలో ఆలోచనకు కాపీరైటు లేదు. దానిని వ్యక్తీకరించిన రూపానికే రక్షణ ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాసిన ప్రోగ్రాం, గీసిన నమూనా, తయారుచేసిన పత్రం కాపీరైటు పరిధిలోకి వస్తాయి. నోటితో చెప్పిన ఊహ రాదు.

యంత్రం లేదా రసాయన ప్రక్రియ కనుగొన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. పేటెంటుకు దరఖాస్తు చేయకముందే బహిరంగంగా వెల్లడిస్తే అది కొత్తది కాదన్న కారణంతో హక్కు కోల్పోయే ప్రమాదం ఉంది. ముందుగా తాత్కాలిక వివరణతో దరఖాస్తు దాఖలు చేసి, 12 నెలలలోగా పూర్తి వివరణ సమర్పించే వెసులుబాటు 1970 నాటి పేటెంట్ల చట్టంలో ఉంది. ఆ తేదీ చేతిలో ఉంటే పోటీలలోనూ, సభలలోనూ నిశ్చింతగా మాట్లాడవచ్చు. వ్యాపార పద్ధతికి గాని, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాంకు గాని మన చట్టం పేటెంటు ఇవ్వదు.

కనుక సమస్య ఏమిటో, అది ఎవరిని బాధిస్తున్నదో, తమకు ఎటువంటి తోడు కావాలో అందరికీ చెప్పవచ్చు. పరిష్కారంలోని కీలక మర్మాన్ని మాత్రం గోప్యతా ఒప్పందంపై సంతకం చేసినవారికే చెప్పాలి.

ఉద్యోగులకు హెచ్చరిక

తీరిక వేళల్లో సొంత ప్రయత్నం చేసే ఉద్యోగులు నిబంధనలు చదువుకోవడం తప్పనిసరి. ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణానికి ఇది మరీ ముఖ్యం. 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళిలోని 15వ నిబంధన ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా రైల్వే ఉద్యోగి ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని వ్యాపారం చేయరాదు. అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనులకు కొంత మినహాయింపు ఉంది. కుమారుడి సంస్థకు సలహా చెప్పడం వేరు, దాని వ్యాపారం నడపడం వేరు.

ప్రైవేటు రంగంలోనూ ఈ వివాదం రేగింది. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారన్న కారణంతో 300 మంది ఉద్యోగులను తొలగించినట్లు 2022 సెప్టెంబరులో విప్రో ప్రకటించింది. అదే ఏడాది స్విగ్గీ తన ఉద్యోగులు కొన్ని షరతులతో ఇతర పనులు చేసుకునేందుకు అనుమతించింది. ఉద్యోగ విధులలో భాగంగా రాసిన ప్రోగ్రాంపై హక్కు, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానిదే. కంపెనీ కంప్యూటరుపై, కంపెనీ సమయంలో చేసిన పనిని తమదని నిరూపించుకోవడం కష్టం.

మాట కంటే కాగితం మేలు

తోడు దొరికిన తర్వాతే అసలు చిక్కు మొదలవుతుంది. స్నేహితుల మధ్య కాగితాలెందుకన్న మొహమాటమే తరచు కలతలకు మూలమవుతున్నది. భాగస్వాముల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు లాభనష్టాలు సమానంగా పంచుకోవాలని 1932 నాటి భాగస్వామ్య చట్టం చెబుతున్నది. రేయింబవళ్లు శ్రమించినవారికీ, ఆదివారాలు మాత్రమే వచ్చి వెళ్లినవారికీ అదే లెక్క వర్తిస్తుంది. అంతేకాదు, సంస్థ అప్పులకు భాగస్వాములు తమ సొంత ఆస్తులతో సైతం బాధ్యులు. 2008 నాటి చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థగా నమోదైతే ఈ భారం తగ్గుతుంది.

ఎవరి వాటా ఎంత, ఎవరు ఏ పని చేయాలి, మధ్యలో వెళ్లిపోయేవారికి ఏమి దక్కుతుంది, తయారైన ప్రోగ్రాం లేదా నమూనా ఎవరి పేరున ఉండాలి అన్న నాలుగు ప్రశ్నలకు తొలి వారంలోనే జవాబులు రాసుకోవాలి. వాటాను ఒకేసారి ఇవ్వకుండా, కలిసి పనిచేసిన కాలాన్ని బట్టి ఏటా కొంత చొప్పున దక్కేలా చూసుకోవడం ఉభయులకూ క్షేమం. ముందుగా నెల రోజులు చిన్న పని ఒకటి కలిసి చేసి చూస్తే మనుషుల తీరు తెలిసివస్తుంది.

చెప్పుకునే చోట్లు నేడు పెరిగాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐ.టి.లో 2008లో నవకల్పనల కేంద్రం, 2015 నవంబరులో టి-హబ్ ప్రారంభమయ్యాయి. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా కార్యక్రమాన్ని చేపట్టింది. కానీ ప్రభుత్వమూ, భవనమూ ఎవరి తరఫునా నోరు విప్పి మాట్లాడలేవు. రైల్వే క్వార్టర్లలో గాని, హాస్టల్ గదిలో గాని ఒక యువకుడు తన నోటుపుస్తకంలోని పేజీని పక్కవారికి చూపడంతోనే పని మొదలవుతుంది. చూపిన పేజీపై తేదీ, సంతకం ఉండటం మేలు. ఎన్నడూ చూపని పేజీ మాత్రం ఎవరూ దొంగిలించకుండానే పోతుంది.