పెట్టె మీద పేరెవరిదో బేరం వారిదే!

వేంపల్లె: అరటి గెల కోశాక రైతు చూసేది తూకం. దూరాన కొనేవాడు చూసేది పెట్టె, దాని మీది పేరు. ఈ తేడా దగ్గరే మన రైతు నష్టపోతున్నాడు.

వేంపల్లె, పులివెందుల ప్రాంతాల్లో పండేది ఎక్కువగా గ్రాండ్ నైన్ రకం. రైతులు జి-9 అంటారు. గెలలను అలాగే లారీకెత్తితే దారి కుదుపులకు కాయలు ఒరుసుకుంటాయి. తోటలో కనపడని దెబ్బ మాగాక నల్లమచ్చగా తేలుతుంది. ఆ భయంతో వ్యాపారి ముందే ధర తగ్గించి అడుగుతాడు.

ఎగుమతి కాయ తీరు వేరు. చెట్టు మీదుండగానే గెలకు కవరు తొడుగుతారు. కోశాక నేలకు తగలనివ్వరు. అత్తాలుగా విడదీసి, సొన పోయేలా కడిగి, ఆరబెట్టి, పాలిథిన్ కవరు పరిచిన అట్టపెట్టెలో సర్దుతారు. గల్ఫ్‌కు పోయే పెట్టెలో సుమారు 13 కిలోలు పడతాయి. ఆ పెట్టెలను దాదాపు 13 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. అంతకన్నా బాగా తగ్గితే తొక్క నల్లబడుతుంది.

2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి ఒకే రైలులో వెళ్లింది. మన సీమ కాయకు నాణ్యత లేదనేవారికి ఇదే జవాబు.

అయితే పెట్టె మీద ఉండేది సాధారణంగా ఎగుమతిదారు పేరే. నచ్చినవాడు మళ్లీ ఆ పేరే అడుగుతాడు. వేంపల్లె అతనికి తెలియదు. ధర పడిపోయిన ఏడు టన్ను లెక్కన అమ్ముకునే రైతుకు పట్టుబట్టేందుకు ఏమీ మిగలదు.

ప్యాకింగ్ షెడ్డు ఒక్క రైతు వల్ల కాదు. పదిమంది సంఘంగా కూడితే అవుతుంది. అప్పటిదాకా అరటి చిప్సు, శనక్కాయ ఉండలు, పసుపు పొడి వంటివాటితో మొదలుపెట్టవచ్చు. ప్యాకెట్టు మీద ఇవి తప్పక ఉండాలి:

- సరుకు పేరు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ట ధర
- తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు
- తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలన్నది
- కలిపిన పదార్థాలు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు

ఒక్క జాగ్రత్త. పైవరుసలో మంచి కాయ పెట్టి అడుగున గిడసబారింది సర్దితే, పెట్టె విప్పినవాడు ఆ పేరును మరిచిపోడు. మళ్లీ కొనడు కూడా.