సాకే చేతికీ సాంత్వన

దక్షిణ కొరియాలో పరిశోధకులు 65 ఏళ్లు, ఆపైబడిన 94 మందిని రెండు బృందాలు చేశారు. అందరికీ ఆరోగ్య సలహాలు చెప్పారు. ఒక బృందానికి మాత్రం పెంచుకోమని కీచురాళ్లను కూడా అప్పగించారు. ఎనిమిది వారాల తర్వాత చూస్తే, వాటిని సాకినవారిలో కుంగుబాటు లక్షణాలు కొంత తగ్గాయి. 2016లో వెలువడిన ఈ ఫలితాల్లో తేడా చిన్నదే అయినా అది ఆలోచింపజేస్తుంది. కీచురాయి ఒళ్లో పడుకోదు, తోక ఊపదు, గుమ్మం దాకా ఎదురురాదు. మరి ఆ ఊరట ఎక్కడిది?

పెంపుడు జీవుల వల్ల మనసుకు మేలు రెండు దారుల్లో అందుతుంది. ఒకటి వాటి చెలిమి. రెండోది, మనం తక్కువగా గుర్తించేది, వాటికి మనం చేసే సేవ.

చెలిమి చేసే మేలు

ఆందోళన కలిగినప్పుడు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 249 మంది విద్యార్థులను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. కొందరు పది నిమిషాలు కుక్కల్ని, పిల్లుల్ని నిమిరారు. కొందరు వరుసలో నిలబడి వాళ్లను చూశారు. కొందరు ఆ జంతువుల ఫొటోలు చూశారు. మిగిలినవాళ్లు ఊరికే కూర్చున్నారు. లాలాజలం పరీక్షిస్తే, స్వయంగా నిమిరినవాళ్లలోనే కార్టిసాల్ బాగా తగ్గింది.

చూపుకూ బలముంది. తల్లి బిడ్డకు పాలిచ్చేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్, కుక్కా యజమానీ ఎక్కువసేపు కళ్లలోకి చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ పెరుగుతుందని జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో చూపారు. మనుషులు పెంచిన తోడేళ్లలో ఇది కనిపించలేదు.

పైగా జంతువు మన తప్పొప్పులు ఎంచదు. న్యూయార్క్‌లో పిల్లల మానసిక నిపుణుడు బోరిస్ లెవిన్సన్ దగ్గరికి వచ్చిన, ముభావంగా ఉండే ఒక పిల్లవాడు, ఆయన కుక్క జింగిల్స్‌తో చనువుగా ఆడుకున్నాడు. ఆ చనువే డాక్టరుతో మాట కలిపింది. చికిత్సలో కుక్క తనకు సహాయకుడని లెవిన్సన్ 1962లో వ్యాసం రాశారు. జంతువుల తోడుతో చేసే చికిత్సకు ఆ రచన గట్టి పునాది వేసింది.

బాధ్యత ఇచ్చే బలం

కుంగుబాటు దినచర్యను దెబ్బతీస్తుంది. లేవబుద్ధి కాదు, తినబుద్ధి కాదు. కుక్కకు మాత్రం పొద్దున్నే బయటికి వెళ్లాలి, వేళకు తిండి కావాలి. దాని కోసం లేచిన మనిషికి ఎండ తగులుతుంది, నాలుగడుగుల నడక అవుతుంది, పక్కింటివాళ్లతో పలకరింపు కలుస్తుంది. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడ్డాక ఊళ్లో మిగిలిన తల్లిదండ్రులకు, తమ కోసం కనిపెట్టుకుని ఉండే ప్రాణి ఒకటుందన్న భావన చిన్న విషయం కాదు. కీచురాళ్ల ప్రయోగం నాకు చెబుతున్నదీ ఇదే: మనసుకు ప్రేమ అందుకోవడం ఎంత అవసరమో, మరొకరికి అక్కరకు రావడమూ అంతే అవసరం.

తెచ్చుకునే ముందు

జంతువుల్ని పెంచేవారంతా కుంగుబాటుకు దూరంగా ఉన్నారని పెద్ద అధ్యయనాలు తేల్చలేదు. ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. ఆరోగ్యం, ఓపిక, ఆదాయం ఉన్నవారే వాటిని తెచ్చుకునే అవకాశమూ ఉంది. కాబట్టి కుక్కపిల్లను మందుకు బదులుగా ఎవరికీ ఇవ్వకూడదు. కుంగుబాటు వారాల తరబడి వదలకపోతే డాక్టరును కలవాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. లేవలేని స్థితిలో ఉన్న మనిషికి మూగజీవిని అప్పగిస్తే దాని ఆకలి, ఆ మనిషి అపరాధభావం రెండూ పెరుగుతాయి.

రేబిస్ టీకాలు, పశువైద్యుడి ఖర్చు, ఊరెళితే చూసుకునే మనిషి, చివరికి దాన్ని పోగొట్టుకునే దుఃఖం, అన్నీ ముందే ఆలోచించుకోవాలి. రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కుక్కను పెంచే వీలు లేనివారు చేపల తొట్టి పెట్టుకోవచ్చు, జంతు సంరక్షణ కేంద్రంలో వారానికోసారి సేవ చేయవచ్చు. ఏది ఎంచుకున్నా ఆ జీవి ఆరోగ్యంగా, బెదురు లేకుండా ఉండేలా చూడటం మన మొదటి పని. సేవలోనే స్వస్థత ఉన్నప్పుడు, దాని క్షేమాన్ని పక్కనపెట్టి మన క్షేమాన్ని వెతుక్కోలేం.