కైలాసద్వారం మెట్లకు మీ మోకాళ్లు సిద్ధమేనా?

రోజూ తెల్లారగానే కేబీఆర్‌ పార్కులో గంటసేపు నడుస్తారా? మంచి అలవాటే. 1998లో నేషనల్‌ పార్కు అయిన ఆ అడవిలో నెమళ్ల అరుపులు వింటూ నడిస్తే గుండెకీ, షుగరుకీ, మనసుకీ మేలే. అయితే ఆ ధైర్యంతోనే ‘ఇక నల్లమల కాలిబాట ఎంత!’ అనుకుంటే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. మర్నాడు మంచం దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట దాదాపు 40 కిలోమీటర్లు ఉంటుంది. 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించిన ఘనత రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. శివరాత్రికీ, ఉగాదికీ ఈ దారి భక్తులతో కిక్కిరిసిపోతుంది. మిగతా రోజుల్లో మనిషి అలికిడే ఉండదు. దారంతా టైగర్‌ రిజర్వు కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

కుటుంబంతో వెళ్లేవారికి ఇందులో ఒక చిన్న ముక్క చాలు. శ్రీశైలం వైపు నుంచి కైలాసద్వారం చేరుకుని, లోయలోని భీముని కొలను దాకా మెట్లు దిగి, మళ్లీ పైకి రావడం. చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలు కొండైతే ముందు ఎక్కుతాం, అలసిపోతే వెనక్కి వచ్చేస్తాం. ఇక్కడ ముందు దిగుతాం. ఆయాసం ఉండదు, కబుర్లు చెప్పుకుంటూ ఎంత దూరమైనా పోతాం. కాళ్లు వణకడం మొదలయ్యేసరికి లోయ అడుగున ఉంటాం. కారు మాత్రం పైన ఉంటుంది!

మెట్లు దిగేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలిచిప్ప వెనక పడే భారం మన బరువుకు మూడు రెట్ల దాకా ఉంటుంది. శరీరం దబ్బున పడిపోకుండా తొడ ముందు కండరాలు సాగుతూనే బిగబట్టి ఉంచాలి. అలవాటు లేని కండరాల్లో అప్పుడు సూక్ష్మంగా చిరుగులు పడతాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తారస్థాయికి చేరుతుంది. చదును నేల మీద పదేళ్లు నడిచినా ఈ పని కండరాలకు కొత్తే.

మంచి సంగతేమిటంటే, కండరాలు దీన్ని త్వరగా నేర్చుకుంటాయి. ఒకసారి కొద్దిగా దిగినా కొన్ని వారాలపాటు నొప్పి తగ్గుతుంది. అందుకే ప్రయాణానికి ఆరు వారాల ముందే మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లిఫ్టులో ఎక్కి, మెట్ల మీదుగా దిగండి. డాక్టర్లంతా చెప్పేదానికి ఇది తలకిందులే అయినా, ఈ పనికి ఇదే సరైన సాధన. మొదట వారానికి రెండుసార్లు, మూడు నాలుగు అంతస్తులు చాలు. ఫిల్మ్‌నగర్‌లో ఉంటే ఇంకా సులువు. బండరాళ్ల గుట్టల మీద కట్టిన పేట కదా, దైవసన్నిధానం చుట్టుపక్కల వాలు రోడ్లకు కొదవ లేదు. షూటింగు వ్యాన్ల రద్దీ మొదలవ్వకముందే వెళ్లండి. చిన్న అడుగులు వేస్తూ, మోకాలు కాస్త వంచి దిగండి.

బూట్ల విషయంలో ఒక్క మాట. దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి బూటు కొసను తాకుతాయి. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి పుండు పడినా తెలియదు. కొలను దగ్గర ఒకసారి బూట్లు విప్పి చూసుకోండి. చేతికర్రలు రెండుంటే మోకాళ్ల మీద భారం కొంత తగ్గుతుంది.

నీళ్లు సగానికి పైగా లోయ అడుగున మిగిలి ఉండాలి. ఎక్కేటప్పుడే చెమట ఎక్కువ పడుతుంది. ఓఆర్‌ఎస్‌ పొడి ప్యాకెట్‌ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. చాలామంది పెద్ద ప్యాకెట్‌ మొత్తాన్ని ఒక గ్లాసులో కలిపేస్తుంటారు, అది తప్పు. ముందుజాగ్రత్త పేరుతో నొప్పి మాత్ర వేసుకుని బయల్దేరొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకు చేటు చేస్తాయి. బీపీకి నీరు పోయే మాత్రలు వాడుతుంటే ముందే డాక్టరుతో మాట్లాడండి.

ఛాతీలో బరువు, తల తిరగడం, చెమట ఆగిపోయి తికమకగా మాట్లాడటం... వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి సాయం పిలవండి. ఇంటికొచ్చాక నొప్పులు మామూలే. కానీ తొడలు రాయిలా గట్టిపడి, మూత్రం టీ డికాషన్‌ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బతిన్న కండరాల వ్యర్థాలు కిడ్నీల్ని మూసేస్తున్నాయనడానికి అది సంకేతం.

తిరుగు ప్రయాణం మరో 200 కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కిన వెంటనే మోకాళ్లు ముడుచుకుని కారులో కూర్చోకండి, పది నిమిషాలు అటూ ఇటూ తిరగండి. మన్ననూరు దగ్గర ఇంకోసారి దిగి నడవండి. రాత్రి 9 దాటితే అడవి దారిలో బండ్లను వదలరు కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా మళ్లీ కైలాసద్వారం చేరేలా చూసుకోండి.